ఒకే ధరకు హెచ్‌డీ ప్లస్ అమోలెడ్, ఫుల్ హెచ్‌డీ ప్లస్ ఎల్‌సీడీ: తెలుగు చదువుకోవడానికి ఏది మేలు?

గోదావరి గట్టు

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి ఫోను కొనాలి. బడిపంతులుగా చేసి విరమించారు, వయసు అరవై దాటింది. లేవగానే రెండు మూడు ఈ-పేపర్లు ఫోనులోనే చదువుతారు. మధ్యాహ్నం మిత్రులు పంపే పద్యాలు, వ్యాసాలు. సాయంత్రం యూట్యూబ్‌లో ప్రవచనాలు. ఆటలు, కెమెరా ఆయనకు అక్కర్లేదు.

పదిహేను వేల లోపు వెతికి వెతికి రెండింటి దగ్గర ఆగాను. కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు, రాస్తే చర్చ వాటి మీదకు పోతుంది. రెండింటి తెరా 6.7 అంగుళాలే. ఒకటి అమోలెడ్ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే తెర), కానీ 1600×720 పిక్సెళ్ల హెచ్‌డీ ప్లస్. రెండోది ఎల్‌సీడీ (వెనక నుంచి దీపం వెలిగే తెర), 2400×1080 పిక్సెళ్ల ఫుల్ హెచ్‌డీ ప్లస్. దుకాణంలో అబ్బాయి మాత్రం అమోలెడ్ ఉండగా ఇంకోదాని వైపు చూడొద్దంటున్నాడు. సినిమా ప్రచారచిత్రం వేసి చూపిస్తే అమోలెడ్ నిజంగానే మెరిసిపోయింది. ఆ తర్వాత నేనే ఒక తెలుగు వార్త తెరిచాను. అమోలెడ్‌లో అక్షరాల అంచులు నలిగినట్టు కనిపించాయి. ఇది నా భ్రమా, నిజంగా తేడా ఉందా?

పిక్సెల్ వేట

భ్రమ కాదండీ, మీ కన్ను సరిగ్గానే పట్టింది.

పెట్టె మీద అచ్చువేసే పిక్సెళ్ల సంఖ్యకు ఎల్‌సీడీలో ఒక అర్థం, చాలా అమోలెడ్ తెరల్లో మరో అర్థం. ఎల్‌సీడీలో ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చుక్కలుంటాయి. ఫోన్లకు వాడే అమోలెడ్ తెరల్లో ఎక్కువ భాగం పెన్‌టైల్ అమరికవి. అక్కడ పిక్సెల్‌కు రెండే చుక్కలు. ఆకుపచ్చ అన్నిటికీ ఉంటుంది, ఎరుపునూ నీలాన్నీ పక్కవాటితో పంచుకోవాలి. ముగ్గు వేసేవాళ్లకు ఒక్క మాటలో తెలుస్తుంది: ఎల్‌సీడీది సరి చుక్కల వరస, పెన్‌టైల్‌ది సందు చుక్కల వరస.

మీరు చెప్పిన రెండింటికీ లెక్క వేద్దాం. 1600×720 అంటే 11.52 లక్షల పిక్సెళ్లు. పెన్‌టైల్ అయితే రెండేసి చొప్పున 23.04 లక్షల చుక్కలు. 2400×1080 అంటే 25.92 లక్షల పిక్సెళ్లు, మూడేసి చొప్పున 77.76 లక్షల చుక్కలు. ఒకే పరిమాణపు తెర మీద మూడు రెట్లు దాటిన తేడా ఇది. అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు అనే పీపీఐ లెక్కలో మొదటిది 262, రెండోది 393. ఎరుపు, నీలం చుక్కలు సంఖ్యలో సగమే కాబట్టి వాటిని మాత్రమే తీసుకుంటే (262ను రెండు వర్గమూలంతో భాగించాలి) మొదటిది సుమారు 185 దగ్గరే ఆగిపోతుంది.

నల్లతెర

లెక్క ఒప్పుకుంటాను, తీర్పు ఒప్పుకోను. కన్ను చుక్కలను లెక్కపెట్టదు. వెలుగులోని సూక్ష్మమైన తేడాలను మనం ముఖ్యంగా ఆకుపచ్చతోనే పడతాం. పెన్‌టైల్‌లో ఆకుపచ్చకు కోత లేదు. కోత పడింది కన్ను అంతగా పట్టించుకోని ఎరుపు, నీలాల్లోనే. అది ఆలోచించి చేసిన అమరిక, మోసం కాదు.

పైగా అమోలెడ్‌లో నలుపు అంటే నలుపే, అక్కడి చుక్క పూర్తిగా ఆరిపోతుంది. తక్కువ ధర ఎల్‌సీడీలో నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. రంగులు, నలుపు, పక్క నుంచి చూసినా మారని వెలుగు, ఇవన్నీ వదులుకుని పీపీఐ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే ఎలా? పెద్దాయన ప్రవచనాలు కూడా చూస్తారని రాశారు కదా.

పిక్సెల్ వేట

నల్లతెర గారూ, పెన్‌టైల్ మోసమని నేను అనలేదు. చుక్కలు తగినన్ని ఉన్నప్పుడు అది చక్కని అమరిక. తక్కువ ఉన్నప్పుడే చిక్కు.

ఈ వాదన కొత్తది కూడా కాదు. 2010లో వచ్చిన సామ్‌సంగ్ మొదటి గెలాక్సీ ఎస్ ఫోనులో నాలుగు అంగుళాల తెరకు 800×480 పెన్‌టైల్ వాడారు. అంచులు గరుకుగా ఉన్నాయని అప్పుడే గోల మొదలైంది. మరుసటి ఏడాది గెలాక్సీ ఎస్ 2లో తెర 4.3 అంగుళాలకు పెరిగినా పిక్సెళ్లు అవే 800×480. కానీ పిక్సెల్‌కు మూడు చుక్కలూ ఇచ్చి సూపర్ అమోలెడ్ ప్లస్ అని పేరు పెట్టారు. పీపీఐ 217కు తగ్గింది, అక్షరం మాత్రం తేరుకుంది. 2012లో ఎస్ 3 వచ్చేసరికి 1280×720తో మళ్లీ పెన్‌టైల్‌కే వెళ్లారు. నీలం చుక్క మిగతా వాటికంటే త్వరగా వాడిపోతుంది, పెన్‌టైల్‌లో దాన్ని పెద్దదిగా పెట్టి తెర ఆయుష్షు పెంచవచ్చు. అప్పుడు వాళ్లు చెప్పిన కారణం అదే. 2013లో ఎస్ 4 తెర 441 పీపీఐకి చేరాక అక్షరాల మీద ఫిర్యాదులు చాలావరకు సద్దుమణిగాయి.

ఇంకో జంటను చూడండి. 2018లో ఆపిల్ ఐఫోన్ ఎక్స్‌ఆర్‌కు 1792×828 ఎల్‌సీడీ పెట్టింది, 326 పీపీఐ. ఆ ధరకు 1080 కూడా లేదా అని అందరూ ఎగతాళి చేశారు. దానితోపాటే వచ్చిన ఎక్స్‌ఎస్‌ది ఓలెడ్ (అమోలెడ్ కూడా ఆ రకమే), 458 పీపీఐ. అందులోని ఎరుపు, నీలం చుక్కలను విడిగా లెక్కిస్తే 324 దగ్గర తేలుతుంది. ఎక్స్‌ఆర్ 326కు అది సమానమే కదా. చేతిలోకి తీసుకుని చదివినవాళ్లు ఎక్స్‌ఆర్ అక్షరాలను తప్పుపట్టకపోవడంలో వింతేమీ లేదు.

అందుకే నాకు కనిపించే గీత ఇది. అమోలెడ్ అయితే 390, 400 పీపీఐ ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. 720 పిక్సెళ్ల వెడల్పున్న అమోలెడ్‌ను 6.7 అంగుళాలకు సాగదీసి అమ్మడమే నాకు నచ్చని పని.

అచ్చుతప్పు

వృత్తిరీత్యా ప్రూఫులు దిద్దుతాను. ఈ చర్చలో తెలుగు అక్షరం ఊసే రాకపోతుంటే ఉండలేక రాస్తున్నాను.

పీపీఐ ఎంత చాలు అని చెప్పే సమీక్షలన్నీ ఇంగ్లిషు అక్షరాలను చూసి రాసినవే. వాటి పోలికలు స్థూలంగా ఉంటాయి. మన లిపిలో ద, ధ ఒకదాని నుంచి ఒకటి వేరయ్యేది కింద ఉండే చిన్న గీతతో. డ, ఢ అంతే. ప, ఫ అంతే. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తల మీద చిన్న మెలిక. ఇక వత్తులు చూడండి. పైన ఉన్న అక్షరంలో సగం ఉంటాయో లేదో, వాటిలోనే మళ్లీ సున్నలు, కొక్కేలు. ‘రాష్ట్రం’ అనే మాటలో ష కింద ఎంత సరంజామా ఉందో ఒకసారి ఫోనులో దగ్గరగా చూడండి. ట వత్తు, ర వత్తు రెండూ అంత ఇరుకులో ఇమడాలి.

కొలిచి చెబుతాను. ఫోనులో మామూలు అక్షరం వత్తుతో కలిపి సుమారు మూడు మిల్లీమీటర్ల ఎత్తు ఉందనుకుందాం. ధ కింది గీత పొడవు పావు మిల్లీమీటరు అనుకోండి. 262 పీపీఐ తెర మీద దాని వంతు రెండున్నర పిక్సెళ్లు. 393లో నాలుగు. రెండున్నర పిక్సెళ్లలో గీత గీస్తే అది గీతలా ఉండదు, మరకలా ఉంటుంది. అలవాటైన మాటను మనం ఊహించి చదివేస్తాం కాబట్టి సరిపోతుంది. పద్యాలు చదివే పెద్దాయన అలవాటు లేని మాటలే ఎక్కువ చదువుతారు. అక్కడ ఊహ పనిచేయదు, అక్షరమే కనిపించాలి.

మన భాష చదువుకోవడానికి కొనే ఫోనును ప్రచారచిత్రం వేసి ఎంచుకోమనడం నాకు చాలా బాధగా ఉంది.

ఎండదారి

నేను రోజంతా బయట తిరిగే ఉద్యోగిని. మే నెలలో ఒంగోలు ఎండలో నిలబడి తెర చూడాల్సి వస్తే పీపీఐ, పెన్‌టైల్ ఏవీ గుర్తుకు రావు. వెలుగు చాలుతుందా లేదా అన్నదే ప్రశ్న. నిట్స్ (తెర వెలుగు కొలత) ఎన్ని ఉన్నాయో చూడండి. అదీ తెర అంతా వెలిగినప్పుడు వచ్చేది చూడాలి. ప్రకటనల్లో పెద్దగా వేసే గరిష్ఠ సంఖ్య తెరలో చిన్న భాగం మాత్రమే వెలిగినప్పటిది.

గోదావరి గట్టు

నాన్నగారు ఎండలో చదవరు, వరండాలో వాలుకుర్చీలోనే. అచ్చుతప్పు గారూ, మీరు చెప్పిన ‘రాష్ట్రం’ ఇప్పుడే నా ఫోనులో చూశాను. ఇన్నాళ్లూ అంత దగ్గరగా గమనించలేదు.

కంటి లెక్క

ఆప్టోమెట్రిస్టును, చూపు పరీక్షించి అద్దాల నంబరు ఇవ్వడం నా పని. రెండు పక్షాలకూ కొంత కొంత నిజం ఉంది, దూరం లెక్క వేయకుండా తేల్చలేం.

6/6 చూపు అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణంలో ఉన్న వివరాన్ని విడదీసి చూడగలగడం. ముప్పై సెంటీమీటర్ల దూరంలో అది 0.087 మిల్లీమీటర్లు, అంటే సుమారు 290 పీపీఐ. 2010లో ఐఫోన్ 4ను 326 పీపీఐతో తెచ్చినప్పుడు స్టీవ్ జాబ్స్ పది పన్నెండు అంగుళాల దూరానికి 300 పీపీఐ చాలన్నది ఈ లెక్క ఆధారంగానే. నలభై సెంటీమీటర్లకు జరిపితే 218 పీపీఐ చాలు.

అరవై దాటిన పెద్దాయనకు చత్వారం ఉంటుంది, చదివే అద్దాలు పెట్టుకుంటారు. అవి ఎక్కువగా 35 నుంచి 40 సెంటీమీటర్ల దూరానికి ఇస్తారు. ఆ లెక్కన 262 పీపీఐ కూడా ఆయన కంటికి సరిపోవాలి. నల్లతెర గారికి బలం ఇక్కడ ఉంది.

అయితే ఆ కొలత రెండు చుక్కలను విడదీసి చూడటానికి సంబంధించింది. ఒక గీత ఎక్కడైనా విరిగిందా, మెట్లు మెట్లుగా ఉందా అన్నది కన్ను అంతకంటే ఎన్నో రెట్లు సూక్ష్మంగా పట్టుకుంటుంది. పక్కపక్కనున్న రెండు గీతల్లో ఒకటి వెంట్రుకవాసి జరిగినా మనకు తెలిసిపోవడం ఈ శక్తి వల్లే. తెలుగు అక్షరాలన్నీ వంపులు. వంపు అంచున మెట్లు పడితే, విడిగా ఏ పిక్సెలూ కనిపించకపోయినా, నలిగినట్టుంది అనిపిస్తుంది. గోదావరి గట్టు గారు మొదటి టపాలో రాసిన మాట సరిగ్గా అదే.

వాటన్నిటికంటే ముందు ఆయన అద్దాల నంబరు సరిగ్గా ఉందో లేదో చూపించండి. పాత నంబరుతో ఏ తెరా తేటగా ఉండదు. ఆ తర్వాత సెట్టింగులలో అక్షరాల పరిమాణం ఒక మెట్టు పెంచండి. దానితో కలిగే మేలు వంద పీపీఐ పెంచినా కలగదు.

నల్లతెర

కంటి లెక్క గారికి కృతజ్ఞతలు. అక్షరాల పరిమాణం పెంచితే 720 తెర లోటు చాలావరకు తీరుతుంది కదా, నేను చెప్పేదీ అదే. పీపీఐ మోజు ఎంతదాకా పోయిందో గుర్తుచేసుకోండి. 2015లో సోనీ ఎక్స్‌పీరియా జెడ్ 5 ప్రీమియం 5.5 అంగుళాల్లో 4కే తెర పెట్టి 806 పీపీఐ అంది. దాదాపు అన్ని పనులకూ ఆ ఫోనే 1080లో నడిచేది. ఇప్పటికీ కొన్ని సామ్‌సంగ్ ఖరీదైన ఫోన్లు 1440 తెరతో వచ్చి, పెట్టెలోంచి తీసినప్పుడు 1080కే అమర్చి ఉంటాయి. కొన్నవాళ్లలో ఎంతమంది అది మార్చుకుంటారు?

అచ్చుతప్పు

అక్షరం పెంచితే లోటు తీరుతుంది, నిజమే. కానీ తెరకు పట్టే వాక్యాలు తగ్గుతాయి. సీసపద్యంలో ఒక పాదం మూడు ముక్కలై కిందికి దిగితే చదివేవారికి లయ తెగుతుంది. 393 తెర మీద కాస్త చిన్న అక్షరంతోనూ పాదం తేటగా నిలుస్తుంది. పెంచుకోవడం మన ఇష్టం కావాలి, తెర చేతకానితనం వల్ల కాకూడదు.

పిక్సెల్ వేట

నలుపు గురించి ఒక మాట మిగిలింది. పగటి వెలుగులో, తెల్లని పుట మీద నల్లని అక్షరం చదువుతున్నప్పుడు తెర మీద పడి తిరిగొచ్చే గది వెలుగే ఆ నలుపును పలచబరుస్తుంది. అమోలెడ్ లోతైన నలుపు చీకటి గదిలో, సినిమాలో బ్రహ్మాండంగా ఉంటుంది. వరండాలో వార్త చదివేటప్పుడు ఆ ఆధిక్యం చాలావరకు కరిగిపోతుంది.

రాత్రి చదువు

అమోలెడ్ కొనేముందు ఇంకో సంగతి. రాత్రి దీపం తీసేసి, వెలుగు బాగా తగ్గించి చదివే అలవాటుంటే జాగ్రత్త. చాలా ఓలెడ్ తెరలు వెలుగు తగ్గించడానికి చుక్కలను వేగంగా వెలిగించి ఆర్పుతుంటాయి. సెకనుకు 240 సార్లు ఆర్పేవి ఉన్నాయి, రెండువేల సార్లకు పైగా ఆర్పేవీ ఉన్నాయి. కంటికి ఆ ఆరడం కనిపించదు, కానీ నాకు కాసేపటికే కణతలు లాగేస్తాయి. అందరికీ ఇలా ఉండదు. మా ఇంట్లో మిగతావాళ్లు అదే ఫోను హాయిగా వాడుతున్నారు.

దుకాణంలోనే పరీక్షించవచ్చు. ఫోను వెలుగు బాగా తగ్గించండి. మీ ఫోను కెమెరాలో ప్రో మోడ్ తెరిచి షట్టర్ వేగం బాగా పెంచి తెర వైపు పెట్టండి. నల్లని పట్టీలు కదులుతుంటే ఆ తెర అలా ఆరుతూ వెలుగుతూ ఉందన్నమాట. పట్టీలు ఎంత వెడల్పుగా, ఎంత నల్లగా ఉంటే అంత ఎక్కువ.

పాలిటెక్నిక్ కుర్రాడు

పిక్సెల్ వేట గారూ, పెన్‌టైల్ అవునో కాదో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి? మా కళాశాలలో సూక్ష్మదర్శిని అడిగితే ఇవ్వడం లేదు.

పిక్సెల్ వేట

సూక్ష్మదర్శిని అక్కర్లేదు. తెల్లని పుట తెరిచి, వేలి కొసతో ఆవగింజంత నీటిబొట్టు తెర మధ్యలో పెట్టండి. బొట్టు కుంభాకార కటకంలా పనిచేస్తుంది. మరో ఫోను కెమెరాతో బొట్టు మీదకు దగ్గరగా వెళితే చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. ఎల్‌సీడీ అయితే మూడు రంగుల సన్నని నిలువు కడ్డీలు ఒకదాని పక్కన ఒకటి క్రమంగా ఉంటాయి. పెన్‌టైల్ అయితే ఆకుపచ్చవి చిన్నవిగా ఎక్కువగా, ఎరుపు, నీలం పెద్దవిగా తక్కువగా, ఏటవాలు వరసల్లో ఉంటాయి. తర్వాత మెత్తని గుడ్డతో అద్దేయండి, నీరు స్పీకరు రంధ్రం వైపు పోనివ్వకండి.

అలాగే నల్లని పుట మీద ఎర్రని తెలుగు అక్షరాలు తెరిచి చూడండి. ఎరుపు చుక్కలు తక్కువ కాబట్టి పెన్‌టైల్ బలహీనత అక్కడ వెంటనే బయటపడుతుంది.

పాలిటెక్నిక్ కుర్రాడు

చేశాను. అచ్చం మీరు చెప్పినట్టే ఉంది. మా అక్క ఫోనులో కడ్డీలు, నా ఫోనులో ఏటవాలు చుక్కలు. హాస్టల్‌లో అందరి ఫోన్ల మీదా బొట్లు పెట్టి చూస్తున్నాం.

గోదావరి గట్టు

ఇన్ని మంచి సలహాలు ఇచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు. ముందు కంటి పరీక్ష చేయించాను. నంబరు మారింది, కొత్త అద్దాలు వచ్చాయి. ఆ తర్వాత నాన్నగారినే దుకాణానికి తీసుకువెళ్లాను. రెండు ఫోన్లలోనూ వెలుగు సమానం చేసి, ఒకే వార్త, ఒకే పద్యం తెరిచి ఇచ్చాను. ఏది ఏ తెరో చెప్పలేదు. వార్త దగ్గర రెండూ బాగున్నాయన్నారు. పద్యం దగ్గర ఎల్‌సీడీ తీసుకుని, దీనిలో వత్తులు విడివిడిగా ఉన్నాయన్నారు. అదే తీసుకున్నాం.

ఒక్కటి మాత్రం తీరలేదు. ఈ-పేపరు పెద్దది చేస్తే అక్షరాలు ఇప్పటికీ మసకే.

అచ్చుతప్పు

అది తెర తప్పు కాదండీ. చాలా ఈ-పేపర్లలో పుట మొత్తం ఒక బొమ్మగా వస్తుంది. ఆ బొమ్మలో ఉన్నన్ని చుక్కలే ఉంటాయి, పెద్దది చేసినకొద్దీ చెదురుతాయి. అదే పత్రిక యాప్‌లోనో వెబ్‌సైటులోనో వార్త అక్షరాల రూపంలో ఉంటుంది, దాన్ని ఫోను తనే గీస్తుంది కాబట్టి ఎంత పెంచినా పదునుగానే ఉంటుంది. పుట అమరిక చూడాలనిపిస్తే ఈ-పేపరు, కుదురుగా చదవాలనిపిస్తే యాప్. నాన్నగారికి రెండూ అలవాటు చేయండి.

నల్లతెర

ఆయనకు నచ్చింది తీసుకున్నారు, సంతోషం. ఈ చర్చ చదివి కొనబోయే మిగతావారికి ఒక మాట. ఇదే ధరకు కాస్త అటూ ఇటూగా, కిందటి ఏడాది నమూనాల్లో 2400×1080 అమోలెడ్ దొరుకుతుంది. కెమెరాలోనో ప్రాసెసరులోనో రాజీ పడాల్సి రావచ్చు. చదవడానికే అయితే ఆ రాజీ మంచిదే. 720 అమోలెడ్‌ను మాత్రం నేనూ ఇక సిఫార్సు చేయను, అది ప్రవచనాలకు బాగుంటుంది, పద్యాలకు చాలదు.

కోనసీమ కొబ్బరి

కొనడం సంగతి అయింది కాబట్టి అడుగుతున్నాను. నా అమోలెడ్ ఫోను తెర పగిలితే ఒక దుకాణంలో మార్పించాను. అప్పటినుంచి అక్షరాలు లావుగా, పాలిపోయినట్టు ఉన్నాయి. వేలిముద్ర కూడా పనిచేయడం లేదు. ఒరిజినల్ వేశామనే అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?

రిపేరు బల్ల

హైదరాబాద్ ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్ దగ్గర పనిచేస్తాను, ఇలాంటివి రోజూ బల్ల మీదకు వస్తాయి. మీకు వేసింది ఇన్‌సెల్ ఎల్‌సీడీ కాంబో (తెర, టచ్, పై అద్దం కలిపి ఒకే ముక్కగా వచ్చేది) అయి ఉంటుంది. అమోలెడ్ ఫోన్లకు సరిపోయేలా తయారుచేసి తక్కువ ధరకు అమ్ముతారు. వాటిలో కొన్నిటికి పిక్సెళ్లు కూడా అసలు తెరకంటే తక్కువ, అందుకే అక్షరాలు లావెక్కుతాయి. తెర కింది వేలిముద్ర కన్ను ఓలెడ్ గుండా వెలుగు పోతేనే చదవగలదు. ఎల్‌సీడీ వెనక బ్యాక్‌లైటు అడ్డం ఉంటుంది కాబట్టి అది ఆగిపోతుంది.

రాత్రి దీపాలు ఆర్పి, తెర నిండా నల్లని బొమ్మ పెట్టి చూడండి. అమోలెడ్ అయితే తెర ఎక్కడుందో తెలియదు. బూడిదరంగులో తెర అంతా కనిపిస్తే ఎల్‌సీడీ వేశారు. నీటిబొట్టుతోనూ చూడవచ్చు, కడ్డీలు కనిపిస్తే అదే రుజువు, ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక ముందు తెర మార్పించేవాళ్లు బిల్లులో ‘ఒరిజినల్’ అని ఒక్క మాట రాస్తే ఒప్పుకోకండి. అమోలెడ్ కంపెనీ కాంబోనా, కాపీ ఓలెడా, ఇన్‌సెల్ ఎల్‌సీడీనా అన్నది రాయించుకోండి. మూడింటి ధరలూ వేరు, మంచి దుకాణదారు దాచడు. తెర మీద ఉన్నట్టుండి ఆకుపచ్చ గీత వస్తే ముందు కంపెనీ సర్వీసు సెంటరుకే వెళ్లండి. కొన్ని కంపెనీలు వారంటీ దాటిన కొన్ని నమూనాలకు కూడా తెర ఉచితంగా మార్చాయి. బయట ఒకసారి విప్పించాక వెళితే ఆ అవకాశం పోతుంది.